భాగ్య దుకాణానికి రాని రోజు

"ముందుగాల ఆ యాంటీవైరస్ బంద్ చెయ్యి. లేకపోతే తెలుగు రాదు." పెళ్ళయ్యాక పరమేష్ భాగ్యకు నేర్పిన మొదటి విద్య ఇదే. పొద్దున్నే షట్టర్ ఎత్తాలి, ఊడవాలి, లక్ష్మీదేవి పటానికి అగరుబత్తి వెలిగించాలి, కంప్యూటర్లన్నీ గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత వాటిలో పెద్దదాని ముందు కూర్చుని, తెర మీద కుడిపక్క మూలన ఉండే కవచం బొమ్మను నొక్కి ఆపేయాలి. అప్పుడు గానీ దుకాణంలో రోజు మొదలైనట్టు కాదు. ఇబ్రహీంపట్నంలో ఆ రోజుల్లో ఏ డీటీపీ సెంటర్‌కు పోయినా ఇదే తంతు. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్‌ను డబ్బిచ్చి కొన్న మహానుభావుడు ఊళ్ళో ఒక్కడూ లేడు. ఎవరో కోఠి ఫుట్‌పాత్ మీద కొనుక్కొచ్చిన దొంగ సీడీ ఒకటి పెళ్ళిపందిట్లో తాంబూలంలా అందరి చేతుల్లోకీ వెళ్ళింది. ఆ సాఫ్ట్‌వేర్ తాళాన్ని పగలగొట్టే చిన్న ఫైలు ఒకటి అందులోనే ఉంటుంది. అది కంటపడితే చాలు, యాంటీవైరస్ దొంగ దొంగ అని అరిచి దాన్ని అవతల పారేస్తుంది. అది పోయిందంటే తెలుగు అక్షరాలన్నీ పిచ్చిగీతలైపోతాయి. కాబట్టి శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు సరిగా రావాలంటే కాపలావాణ్ణి పండబెట్టాలి. ఊరంతా పండబెట్టింది. ఊరితో పాటు భాగ్యా పండబెట్టింది.

అవి భూముల ధర పొద్దున ఒకటి, మాపటికి ఒకటి పలుకుతున్న రోజులు. తుక్కుగూడ నుంచి యాచారం దాకా ఎక్కడ తెల్లరాళ్ళు పాతితే అక్కడ పరమేష్ తేలేవాడు. ప్లాట్లు చూపించే పనిలో పడ్డాక అతనికి దుకాణం ముఖం చూసే తీరిక లేకుండా పోయింది. బోర్డు మీద మాత్రం 'పరమేష్ ఇంటర్నెట్ అండ్ డీటీపీ సెంటర్' అని ఎర్రటి అక్షరాలు అలాగే ఉన్నాయి. వాటి కింద కూర్చుని అప్లికేషన్లు నింపేది, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు ప్రింటు తీసేది, ప్లాట్ల కరపత్రాలు కొట్టేది భాగ్య. తెల్లారకముందే లేచి నీళ్ళు పట్టి, వంట చేసి, అత్త సక్కుబాయికి బీపీ మాత్ర ఇచ్చి వస్తుంది. సాయంత్రం షట్టర్ దించి వెళ్ళి మళ్ళీ పొయ్యి ముట్టిస్తుంది. ఒకనాడు నడుం నొస్తున్నదని అంటే సక్కుబాయి నోరు నొక్కుకుంది. "కుర్సీల కూసోని యేళ్ళు ఆడిస్తే నడుం నొస్తదా? మేం నాట్లేసినం, కోతలు కోసినం. మాకు నొయ్యలే." పరమేష్ ఊళ్ళోవాళ్ళతో "మా ఆమె ఊకెనే కూసుంటది, టైంపాస్ అయితదని దుకాణంల పెట్టిన" అని చెప్పేవాడు. ఆ టైంపాస్ మీదే ఇల్లు గడుస్తున్నదని భాగ్యకు తెలుసు. అయినా ఆ మాట అనలేదు. అంటే దుకాణం బంద్ పెడతాడేమోనని భయం. పొద్దుటి నుంచి మాపటి దాకా ఎవరూ పిలవని, ఎవరికీ నీళ్ళు ముంచి ఇవ్వనక్కర్లేని చోటు లోకంలో ఆమెకు అదొక్కటే.

నెలలో ఆ కొద్ది రోజులు మాత్రం ఆ చోటు కూడా లేదు. దుకాణంలో లక్ష్మి ఉంది, ముట్టయినది గడప తొక్కవద్దని సక్కుబాయి కట్టడి. భాగ్య ఇంటి వెనక అరుగు మీద చాప వేసుకుని దూరం కూర్చోవాలి. ఆ అరుగు మీద కూర్చునే అంట్లన్నీ తోమవచ్చు, ఇంటిల్లిపాది బట్టలూ ఉతకవచ్చు. వాటికి ఏ మైలా అంటదు. ఆ రోజుల్లో పరమేష్ గొణుక్కుంటూ వెళ్ళి దుకాణంలో కూర్చునేవాడు. ఎవరైనా "భాగ్యక్క లేదా?" అని అడిగితే "ఇంట్ల పనుండె" అనేవాడు. ఊళ్ళో మగవాళ్ళందరూ ఆడవాళ్ళ గురించి చెప్పే మాటే కాబట్టి ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు.

ఆ ఎండాకాలం పెద్ద కంప్యూటర్‌లో ఏదో తేడా కనిపించసాగింది. భాగ్య చెయ్యి తీసేసినా తెర మీద బాణం గుర్తు తనంతట తానే జరిగేది. ఎవరూ వీడియో మాట్లాడకపోయినా కెమెరా పక్కన చిన్న దీపం వెలిగేది. దుకాణంలో ఒక్కరూ నెట్ వాడని మధ్యాహ్నం కూడా మోడెం మీద లైట్లు మిణుకుమిణుకుమంటూ ఎవరితోనో గుసగుసలాడుతున్నట్టు ఉండేవి. పరమేష్‌తో చెప్తే "నిద్ర సాలక కండ్లు తిరుగుతున్నయ్ నీకు" అన్నాడు. సక్కుబాయి "ఏదో గాలి సోకింది" అని తేల్చి, షట్టర్‌కు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి కట్టించింది. నిమ్మకాయ ఎండిపోయింది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

నమ్మింది శ్రీసుధ ఒక్కతే. ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్నది. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ కుటుంబం. తండ్రి వెంకటేశ్వర్లుకు సిమెంటు కొట్టు ఉంది. కాలేజీ ల్యాబులో మెయిల్ తెరవనివ్వరు కాబట్టి, ఉద్యోగాల కబుర్లు చూసుకోవడానికి రోజూ బస్సు ఎక్కే ముందు ఇక్కడికి వచ్చేది. వచ్చినప్పుడల్లా "తిన్నావా అక్కా?" అని అడిగేది. ఈ ప్రశ్నను భాగ్య రోజుకు ఎందరినో అడుగుతుంది. తనను అడిగింది ఈ పిల్ల ఒక్కతే.

కెమెరా సంగతి విని శ్రీసుధ కుర్చీ దగ్గరకు లాక్కుంది. "ఇది గాలీ కాదు, ధూళీ కాదక్కా. దీన్ని బ్యాక్‌డోర్ అంటారు. మనం ఏదో కావాలని ఇన్‌స్టాల్ చేస్తాం కదా, దాని చంకలో ఇంకోటి దూరి వస్తుంది. వచ్చి సైలెంట్‌గా కూర్చుంటుంది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా అదీ లేచి, లోపలి నుంచే బయటవాడికి దారి తెరుస్తుంది. ఇక వాడెక్కడున్నా మన తెర చూస్తాడు, కెమెరా వేస్తాడు, మనం కొట్టే ప్రతి అక్షరం రాసుకుంటాడు. పాస్‌వర్డ్‌తో సహా."

"మరి యాంటీవైరస్ ఉంది కద?"

"ఉంది. రోజూ పొద్దున దాన్ని ఎవరు ఆపుతున్నారు?"

భాగ్య తెర మూలన ఉన్న కవచం బొమ్మ వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఎంత శ్రద్ధగా చేసింది ఆ పని. అగరుబత్తి వెలిగించిన చేత్తోనే దొంగకు దారి చూపింది. దొంగ సీడీతోనే వచ్చాడని, ఆ సీడీ ఉన్న ప్రతి దుకాణంలోనూ వాడు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటాడని ఆమెకు అర్థమైంది. ఎందరు పిల్లలు ఇక్కడ కూర్చుని ఇళ్ళకు మాట్లాడారో, ఎండకు తాళలేక చున్నీలు తీసి ముఖాలు తుడుచుకున్నారో ఆమెకు ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

ఇద్దరూ కలిసి దాన్ని తీసేశారు. మొదట నెట్ వైరు పీకేశారు, బయటివాడికి లోపలి మాట వినపడకుండా. కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో, అంటే తనకు తప్పనిసరైనవి తప్ప ఇంకేవీ నడవని అవస్థలో, తెరిచారు. ఆన్ కాగానే తమంతట తాము లేచే ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటీ చూశారు. వాటిలో ఒకటి కంప్యూటర్ సొంత ఫైలు పేరే పెట్టుకుని, దానికి సంబంధం లేని ఫోల్డర్‌లో నక్కి ఉంది. పెళ్ళింట్లో అటువాళ్ళు ఇటు చుట్టమనుకునే, ఇటువాళ్ళు అటు చుట్టమనుకునే మనిషిలా నెలల తరబడి తిని కూర్చుంది. దాన్ని ఆపి, అది మళ్ళీ లేవకుండా ఆన్ కాగానే లేచేవాటి జాబితాలోంచి దాని పేరు చెరిపి, ఆ తర్వాత ఫైలును తీసేశారు. మర్నాడు శ్రీసుధ కాలేజీ ల్యాబులో కొత్త యాంటీవైరస్ దింపి సీడీలో తెచ్చింది. దాంతో మొత్తం గాలిస్తే అక్కడక్కడా దాగినవి ఇంకా బయటపడ్డాయి. తాళం పగలగొట్టే ఫైలూ పోయింది. దాంతో తెలుగూ పోయింది. ఖర్చు లేకుండా తెలుగు కొట్టే పద్ధతి ఒకటుందని శ్రీసుధ చూపించింది. అక్షరాలు వెతుక్కోవాలి, ఆలస్యమవుతుంది, అయినా పర్వాలేదనుకుంది భాగ్య. నెట్ వైరు మళ్ళీ పెట్టాక మోడెం లైట్లు కుదురుగా ఉన్నాయి. కెమెరా దీపం వెలగలేదు. భాగ్యకు ఆ రోజు కలిగినంత సంతోషం పెళ్ళయ్యాక ఎన్నడూ కలగలేదు.

"ఇప్పుడు పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకోవాలక్కా. పాతది వాడి దగ్గర ఉంటుంది. బస్సొచ్చేసింది, రేపొచ్చి మార్చుకుంటాను."

"ఇగ ఫికర్ లేదు. ఎప్పుడన్న రా, మంచిగ కూసోని మార్చుకో" అంది భాగ్య. ఆ మాట అనకపోయినా బాగుండేదని ఆమె తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

మర్నాడు ఆమె అరుగెక్కింది. వెళ్తున్న పరమేష్‌ను ఆపి, "జర ఇను. ఆ సీడీ పెట్టకు. తెలుగు పని ఏమన్న వస్తే నేనొచ్చినంక చేస్త" అని చెప్పింది. అతను ఆఁ అన్నాడు. అతని ఆఁ ఎప్పుడూ అంతే. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు ఏమిటి కొరుకుతున్నావని అడిగినట్టు.

ఆ రోజే మహేశ్వరం వెంచర్ కరపత్రం అర్జెంటుగా కావలసి వచ్చింది. తెలుగు రాలేదు. పరమేష్ కవచం బొమ్మ ఆపి, సొరుగులోంచి సీడీ తీసి పెట్టాడు. తెలుగు వచ్చింది. చంకలోది కూడా మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నం శ్రీసుధ వచ్చి "అక్క లేరా అండీ?" అని అడిగింది. "ఇంట్ల పనుండె. నువ్వు కూసో" అన్నాడు. ఆ పిల్ల అక్క చెప్పిన ధీమాతో, బాగుచేసుకున్న కంప్యూటర్ ముందు కూర్చుని, జాగ్రత్తగా కొత్త పాస్‌వర్డ్ కొట్టి వెళ్ళింది. పాతదాన్ని ఆ దొంగ ఇంకా వాడుకోలేదేమో గానీ, కొత్తది తన చేత్తోనే వాడికి అప్పజెప్పింది.

భాగ్య తలస్నానం చేసి దుకాణానికి వచ్చేసరికి డ్రైవ్‌లో సీడీ ఉంది. "రెండు నిమిషాల పనికి ఇంత లొల్లా?" అన్నాడు పరమేష్. ఆమె మళ్ళీ వైరు పీకి, మళ్ళీ అంతా తీసింది, ఈసారి ఒక్కతే. మధ్యలో శ్రీసుధ వచ్చి వెళ్ళిందని అతను చెప్పలేదు. చెప్పదగ్గ విషయమని అతనికి తోచలేదు. పరీక్షల ముందు సెలవులిచ్చేయడంతో ఆ పిల్ల కూడా మళ్ళీ అటు రాలేదు.

కొన్నాళ్ళకు వెంకటేశ్వర్లు కూతురిని వెంటబెట్టుకుని దుకాణం మెట్లెక్కాడు. శ్రీసుధ తల ఎత్తలేదు. ఆమె పేరుతో, ఆమె మెయిల్ నుంచి బూతు బొమ్మలు, బూతు మాటలు ఆమెకు తెలిసినవాళ్ళందరికీ వెళ్ళాయట. బాబాయికి, మేనత్త కొడుక్కి, కాలేజీ లెక్చరర్లకు, ఇంటర్వ్యూకు పిలిచిన కంపెనీకి కూడా. ఖర్మ కాలి పరమేష్ ఆ రోజు దుకాణంలోనే ఉన్నాడు. లోపల క్యాబిన్లలో కాలేజీ కుర్రాళ్ళున్నారు. వాళ్ళ కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

"ఏమ్మా, ఈ కొట్టు నువ్వే చూసుకుంటావంటగా. మా అమ్మాయి ఇక్కడ కూర్చుని ఏం చేసేది? ఎవరితో మాట్లాడేది? దాచకుండా చెప్పు."

"మెయిల్ చూసుకునేది సార్, నౌకరీల కోసం. ఆమె తప్పేం లేదు. మా కంప్యూటర్ల దొంగ ప్రోగ్రాం ఉండె. ఆమె పాస్‌వర్డ్ ఎవడో ఎత్కపోయి ఆమె పేరు మీద ఆ గలీజంతా పంపిండు."

వెంకటేశ్వర్లు కోపంగా కూడా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు. "వైరస్ వస్తే కంప్యూటర్‌కి రావాలి గానీ, మా పిల్ల పేరుకెందుకొస్తుందమ్మా?"

"అది మేమిద్దరం తీసేశాం నాన్నా, ఆ తర్వాతే నేను పాస్‌వర్డ్ మార్చాను" అంది శ్రీసుధ నేల చూస్తూనే. తర్వాత భాగ్య వైపు చూసింది. "ఆ రోజు నువ్వు లేవక్కా. అన్నయ్య ఉన్నారు."

అప్పుడు తెలిసింది భాగ్యకు, ఆ పిల్ల ఏ రోజున వచ్చి కూర్చుందో.

పరమేష్ అందుకున్నాడు. "ఇన్నరు కద సార్. తీసేసినమని మీ బిడ్డనే చెప్తున్నది. ఇగ వైరస్ యాడిది? నా కంప్యూటర్లు మంచిగున్నయ్. ఈమె ఇంటర్ సదివింది, ఈమెకేం తెలుస్తది."

"అమ్మాయి వచ్చిన రోజు నువ్వు కొట్లో లేవా?" వెంకటేశ్వర్లు భాగ్యనే అడిగాడు.

"లేను సార్."

"రోజూ ఉంటావుగా. ఆ రోజెందుకు లేవు?"

ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్పగలిగితే దాని వెంట మిగతావన్నీ వరసగా వచ్చేవి. నేను ముట్టయి ఇంట్లో ఉన్నాను, నేను లేనప్పుడు ఈయన సీడీ పెట్టాడు, నేను బాగుచేసిందాన్ని ఈయన చెడగొట్టాడు, మీ పిల్ల నన్ను నమ్మి వచ్చి కూర్చుంది. పరమేష్ ఆమెనే చూస్తున్నాడు. సీడీ గురించి కాదు అతని భయం. ఆ మాట నలుగురు మగవాళ్ళ ముందు ఎక్కడ అంటుందోనని. క్యాబిన్లలో కుర్రాళ్ళు చెవులు రిక్కించారు. పదమూడో ఏట అమ్మ చెవిలో చెప్పింది, ఎవరితోనూ అనవద్దని. అప్పటి నుంచి ఆ మాట ఆమె నోట పైకి రాలేదు. కడుపునొప్పి అంది, తలనొప్పి అంది, బయట ఉన్నానంది. ఇప్పుడూ నాలుక దానికి అలవాటైన దారే పట్టింది.

"ఇంట్ల పనుండె" అంది భాగ్య.

"మరి లేనిదానివి, ఏం జరిగిందో నీకెలా తెలుసమ్మా?" అన్నాడు వెంకటేశ్వర్లు. కూతురి రెక్క పట్టుకుని మెట్లు దిగాడు. శ్రీసుధ వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే భాగ్య చెప్పేదేమో. లేదు, అదీ అబద్ధమే. చెప్పేది కాదు.

తర్వాత కాలేజీ పిల్లలు ప్రింటవుట్ల కోసం వచ్చి చెప్పారు, శ్రీసుధను చదువు మాన్పించారట. ఆఖరి పరీక్షలు కూడా రాయనివ్వరట. పరమేష్ విని "పాపం" అన్నాడు, ఆ వెంటనే టీ తెమ్మన్నాడు. భాగ్య టీ తెచ్చింది. చెయ్యి ఎప్పటిలాగే గ్లాసులు కడిగింది, కీబోర్డులు తుడిచింది. లోపల మాత్రం ఒకే లెక్క తిరుగుతూ ఉండేది. కంప్యూటర్‌లోకి దూరినదాన్ని తీయడానికి ఒక పద్ధతుంది. వైరు పీకు, వెతుకు, వేరు చెరుపు. ఊరి నోట్లోకి దూరిన పేరును తీయడానికి ఎవరూ ఏ పద్ధతీ రాసిపెట్టలేదు.

మళ్ళీ నెల వచ్చింది. సక్కుబాయి అరుగు మీద చాప వేసింది. భాగ్య చెప్పులేసుకుని తాళాలు తీసుకుంది.

"ఎటు పోతున్నవే? దూరమున్నవ్ కద."

"దుకాణానికి."

"నెత్తి గిట్ల ఖరాబైందా? అక్కడ లక్ష్మి ఉంది."

"అంట్లు వచ్చినంక తోముత అత్తమ్మ" అని చెప్పి వెళ్ళిపోయింది.

షట్టర్ ఎత్తింది, ఊడ్చింది. పటానికి అగరుబత్తి కూడా వెలిగించింది. పటం పడలేదు, ఏమీ కాలేదు. కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేసి అన్నీ మొదటి నుంచి ఎక్కించింది. యాంటీవైరస్ పెట్టింది, ఆపలేదు. ఇదంతా ఎన్నాళ్ళో ఆమెకు తెలియనిది కాదు. ఆ సీడీ ఈ సొరుగులో లేకపోతే పక్క దుకాణంలో ఉంది, బస్టాండు నుంచి చెరువు దాకా ప్రతి దుకాణంలోనూ ఉంది. రేపో ఎల్లుండో పరమేష్ అరువు తెచ్చుకుంటాడు. అన్నీ తెలిసే చేసింది.

తర్వాత ఫోన్ తీసుకుంది. బస్సు ఆలస్యమైనప్పుడల్లా శ్రీసుధ ఈ ఫోన్‌లోంచే ఇంటికి చేసేది, ఆ నంబరు భాగ్యకు నోటికి వచ్చు. వెంకటేశ్వర్లే ఎత్తాడు. భాగ్య ఊపిరి తీసుకుని మొత్తం ఒక్క పెట్టున చెప్పింది. "సార్, నేను ఇబ్రహీంపట్నం భాగ్యను. ఆనాడు అబద్ధం చెప్పిన. నేను ముట్టయి ఇంట్ల కూసున్న. నేను లేనప్పుడు మా ఆయన దొంగ సీడీ పెట్టిండు. అందుకే అట్లయింది. మీ బిడ్డ తప్పు లేదు సార్, పరీక్షలు రాయనియ్యుండ్రి."

అవతల వెనక ఎవరో ఆడమనిషి "ఎవరండీ?" అని అడిగింది.

"రాంగ్ నంబర్" అన్నాడు వెంకటేశ్వర్లు. ఫోన్ పెట్టేశాడు.

భాగ్య లేచింది. ఎదురుగా కిరాణా దుకాణానికి వెళ్ళి తెల్ల చార్టులు, స్కెచ్ పెన్ను తెచ్చుకుంది. కంప్యూటర్‌లో కొడితే అక్షరాలు అందంగా వచ్చేవి. కానీ ఈ మాటలు చేత్తోనే రాయాలనిపించింది. 'ఇక్కడ మెయిల్ చూసుకున్నవాళ్ళందరూ వేరే మంచి కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ మార్చుకోండి. ఈ కంప్యూటర్‌లో దొంగ ప్రోగ్రాం ఉండేది, తీసేశాం. నేను ఇంట్లో పనుండి రాని రోజున' అని రాసి ఆగింది. 'ఇంట్లో పనుండి' కొట్టేసింది. పైన 'ముట్టయి' అని రాసింది. 'నా భర్త దొంగ సీడీ వేస్తే అది మళ్ళీ వచ్చింది. ఆ రోజు ఇక్కడ కూర్చున్న అమ్మాయి ఏ తప్పూ చేయలేదు.' కింద తన పేరు రాసి, షట్టర్ పక్క గోడకు అంటించింది. ఆ దుకాణం మీద ఆమె పేరు పడటం అదే మొదలు.

పొద్దంతా జనం ఆగి చదివారు. సగం దాకా చదివి, ఆ మాట దగ్గర చూపు తిప్పుకుని వెళ్ళిపోయారు. కుర్రాళ్ళు నవ్వుకున్నారు. కాలేజీ అమ్మాయిలు గుంపుగా నిలబడి చివరిదాకా చదివారు గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. లోపలికి ఒక్కరూ రాలేదు.

సాయంత్రం పరమేష్ బండి దిగి, వచ్చీ రాగానే చార్టు పీకి నాలుగు ముక్కలు చేశాడు. ముఖం కందిపోయి ఉంది.

"సీడీ సంగతి రాస్తే రాసినవ్, పోనీ. ఆ మాటెందుకు రాసినవే? ఊరంత నవ్వుతున్నది. ఇంట్ల పనుండె అని రాస్తే ఏం పోతుండె?"

భాగ్య రెండో చార్టు బల్ల మీద పరిచి, చుట్టుకుపోతున్న అంచు మీద కీబోర్డు బరువు పెట్టింది.

"ఆనాడు గదే చెప్పిన" అని, పెన్ను మూత తీసింది.